డెబ్భై తొమ్మిదికి అటూ ఇటూ

పదకొండున్నర అయింది. వాన పడుతోంది. బక్కోడికి ఆకలి దంచేస్తోంది.

ఈ మూడింట్లో గోదాం వాళ్ళకి పట్టింది వాన ఒక్కటే. సిమెంటు సంచి తడిస్తే రాయైపోతుంది కాబట్టి నాలుగు చినుకులు పడగానే మేనేజరు ఈల వేసి లోడింగు ఆపించేస్తాడు. హమాలీ కడుపు ఎండితే వేయడానికి ఎవరి దగ్గరా ఈల లేదు.

బక్కోడు పొద్దున తినకుండా వచ్చాడు. తిండి లేక కాదు. కంచం ముందు కూర్చోగానే కూతురు బడి సంచిలోంచి ఒక కవరు తీసి చేతిలో పెట్టింది. "నిన్ననే ఇచ్చారు నాన్నా, మర్చిపోయా" అంది. బడి వాళ్ళకి మంచిమాట చెప్పాలంటే నోరు చాలు, కాగితం దాకా వచ్చారంటే ఏదో కొంప మునిగినట్టే అని బక్కోడి అనుభవం. ముద్ద దిగలేదు. కవరు చొక్కా జేబులో దోపుకుని పనికి వచ్చేశాడు.

రేకుల వరండా కింద ముఠా అంతా సంచుల దొంతరకి వీపులు ఆనించి కూర్చుంది. బక్కోడు ఆ కాగితం తీసి గుమ్మటం చేతిలో పెట్టాడు. గుమ్మటం అంటే ముఠాలో పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషి. ఏడో క్లాసు దాకా చదివాడు. ముఠాకి వచ్చే కాగితాలన్నీ అతనే చదువుతాడు. బక్కోడు రెండో క్లాసులోనే బడికి దండం పెట్టేశాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు గుమ్మటం.

"మా చిన్నదానికి పోయిన నెల ఏదో తెలివి పరీక్ష పెట్టారంట బావా. బయటినుంచి ఎవరో మేడం వచ్చింది. అదీ కాగితం."

గుమ్మటం కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి చెయ్యి చాచి వెలుగులో పెట్టి చదివాడు. "ఐక్యూ... డెబ్భై తొమ్మిది." ఆగాడు. "పర్సెంటైల్... ఎనిమిది. పక్కన వందమంది అని కూడా ఉంది." మళ్ళీ ఆగాడు. తర్వాత ఒక్క గంతు వేశాడు. ఆ ఒంటితో అంత గంతు వేయగలడని ముఠాకి ఆ రోజే తెలిసింది.

"ఒరేయ్ బక్కోడా! డెబ్భై తొమ్మిది రా! వందమందిలో ఎనిమిదో నంబరు రా నీ కూతురు!"

"నిజంగానా బావా?"

"అచ్చు కొట్టి ఇచ్చారు కదరా. నాకు ఏడో క్లాసులో లెక్కల్లో పదకొండు వచ్చాయి. మిగతా ఎనభై తొమ్మిదీ మా నాన్న వీపు మీద వేశాడు. వందకి డెబ్భై తొమ్మిది అంటే మాటలా?"

అందరికీ టీలు, బన్నులు వచ్చాయి. ఎవరో బక్కోడి భుజం చరిచారు. "ఇంత బక్క ఒంట్లోంచి అంత తెలివి ఎలా ఊడిపడిందిరా?" అని ఒకడు అడిగితే, "వాళ్ళమ్మదిలే, వీడిది కాదు" అని ఇంకొకడు తేల్చేశాడు. బక్కోడు బన్ను సగం తిన్నాడు. ఆకలి మీద తింటున్నాడో సంతోషం మీద తింటున్నాడో అతనికే తెలియలేదు.

"కింద సన్నటి అక్షరాల్లో ఇంకేదో ఉందిరా, సంతకం అడుగుతున్నారు" అన్నాడు గుమ్మటం. "నా కళ్ళకి ఆనడం లేదు. ముల్లు మావకి చూపించు. ఎక్కడ పెట్టాలో చెప్తాడు."

ముల్లు అంటే కాటా మనిషి. గోదాం గేటు పక్కన లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది. దాని పక్కన అద్దం కిటికీ ఉన్న చిన్న గది. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నవాడు ముల్లు. అంతకుముందు అతనూ హమాలీయే. దొంతర కూలి కాలు మీద పడితే, కుంటికాలుతో సంచి మోయలేడని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పట్లో కాటాకి గడియారంలాంటి పెద్ద గుండ్రటి డయలు, దాని మీద ముల్లు ఉండేవి. డ్రైవర్లు తూకం మీద గొడవకి వస్తే అతను నోరు విప్పేవాడు కాదు. ముల్లు వైపు వేలు చూపించేవాడు. ఆ వేలుకే ఆ పేరు వచ్చింది. తర్వాత డయలు పోయి ఎర్రంకెల పెట్టె వచ్చింది. ముల్లు పోయినా ముల్లు పోలేదు. ఎవరు ఏమన్నా అద్దం మీద వేలుతో టకటకా రెండుసార్లు కొట్టి ఎర్రంకె చూపిస్తాడు. అంతటితో మాట అయిపోయినట్టే.

పెళ్ళీ పెటాకులూ లేవు. కాటా గది వెనకే ఒక మంచం, ఒక స్టవ్వు. రోజూ పొద్దున కాటా పలక ఊడ్చి, వాన నీళ్ళు తోడేసి, పెట్టెలో సున్నా చూసుకుని, తర్వాత తనే పలక మీదకి ఎక్కి నిలబడేవాడు. పెట్టె అరవై చూపించేది. అలా చూపిస్తేనే ఆ రోజు పని మొదలు. లారీలు తూచే కాటా కాబట్టి అది ఇరవై ఇరవైగా గెంతుతుంది. అరవై తర్వాత ఎనభై, ఆ తర్వాత వంద. ఒకసారి ముఠా వాళ్ళు సరదాకి ఒక్కొక్కరే ఎక్కి చూసుకున్నారు. యాభై రెండు కిలోల బక్కోడికి అరవై. అరవై తొమ్మిది కిలోల గుమ్మటానికీ అరవయ్యే. గుమ్మటం ఆనందం పట్టలేకపోయాడు. "మా ఆవిడకి చెప్పరా, నేను లావు కాదని కాటా చెప్పింది!" అని నెల రోజులు వాయించాడు. ముల్లు మాత్రం నవ్వలేదు. కాటా మీద పరాచికాలు అతనికి గిట్టవు.

బక్కోడు మిగిలిన బన్ను చేత్తో పట్టుకుని అద్దం కింద చీటీలు అందించే కన్నంలోంచి కాగితం లోపలికి తోశాడు. "మావా, చిన్నదానికి డెబ్భై తొమ్మిది వచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు."

ముల్లు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివాడు. ఎవరి కాగితమైనా అలాగే చదువుతాడు, ముద్ర కింద ప్రెస్సు పేరు దాకా. తర్వాత చావు కబురు చల్లగా చెప్పాడు.

"ఇది మార్కు కాదు అల్లుడూ. వందకి ఇన్ని అని కాదు ఇది. మామూలు పిల్లలకి వంద వస్తుందంట. నీ కూతురు ఎనిమిదో నంబరు కూడా కాదు. వందమంది పిల్లల్ని వరసలో నిలబెడితే ఎనిమిదిమందే దాని వెనక ఉంటారని రాశారు."

"వెనక ఎనిమిదిమందా? మరి ముందు?"

"మిగతావాళ్ళు."

బక్కోడి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. అది బన్నే. దిగలేదు.

"ఎనభై కంటే తక్కువ వచ్చినవాళ్ళని వచ్చే సోమవారం నుంచి వెనకగదికి పంపుతారంట. శుక్రవారం లోపల సంతకం పెట్టివ్వమన్నారు."

ఆ బళ్ళో వెనకగది అంటే తెలియనివాళ్ళు లేరు. నీళ్ళ ట్యాంకు పక్కన, విరిగిన బెంచీలు పడేసిన గది. మెల్లగా నేర్చుకునేవాళ్ళకి మెల్లగా చెప్తామని పెట్టారు. అంత మెల్లగా చెప్తారు కాబోలు, అందులోకి వెళ్ళిన పిల్లలు మళ్ళీ ముందుగదికి రావడం ఎవరూ చూడలేదు.

"ఒక్క నంబరు మావా! ఒక్కటే తక్కువ! మన గోదాం వాచ్‌మన్ కూతురికి ఎనభై ఒకటంట, అది ముందుగదిలోనే ఉంటుంది. ఇద్దరూ ఒకే బెంచీ."

ముల్లు వేలు దానంతట అదే లేచింది. అద్దానికి అటువైపు నుంచి, ఆ కాగితం మీద, టకటకా రెండుసార్లు కొట్టింది.

"అంకె వచ్చేశాక మాటలేం ఉంటాయి? సంతకం పెట్టు."

ఆ టకటక బక్కోడికి కొత్త కాదు. మూడేళ్ళ కిందట ఒకసారి బాగా దగ్గరనుంచి విన్నాడు. కళ్ళద్దాల డ్రైవరని ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్యాక్టరీ నుంచి నాలుగు వందల సంచుల లోడు తెచ్చాడు. కాటా నలభై కిలోలు తక్కువ చూపించింది. సంచి అంటే యాభై కిలోలు. నలభై అంటే ఒక సంచి కూడా కాదు. దించినప్పుడు లెక్కపెట్టింది బక్కోడే. నాలుగు వందలూ ఉన్నాయి, ఒక్క కుట్టు కూడా ఊడలేదు. "బాబూ, మీ కాటా ఒక్కసారి చూసుకోండి" అని పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి అడిగాడు. ముల్లు టకటకా కొట్టాడు. సంచుల్లోంచి గుప్పిళ్ళతో లాగేశాడని మేనేజరు తేల్చాడు. లారీ యజమాని అక్కడికక్కడే తాళంచెవి లాక్కున్నాడు. పెద్దాయన టవలు భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోయాడు. నాలుగు వందలూ సరిగ్గా ఉన్నాయని బక్కోడు చెప్పొచ్చు. చెప్పలేదు. కాటా చెప్పాక హమాలీ చెప్పేదేముందని నోరు మూసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి కాగితం సంగతి భార్యకి చెప్పాడు. ఆమె బట్టలు కుట్టే దుకాణంలో గుండీలు, కాజాలు కుడుతుంది. చెప్పింది అంతా విని ఒంటికాలి మీద లేచింది.

"ఎవరు తూచారయ్యా దాన్ని? ఎలా తూచారు?"

"అంకె వచ్చేసిందే. ముల్లు మావ కూడా చూశాడు."

"ముల్లు మావ లారీలు చూస్తాడు. నా కూతురికి చక్రాలున్నాయా? మా దుకాణంలో టేపు ఒకటే. దాన్నే మా మేస్త్రీ పట్టుకుంటే ఒక నడుం, నేను పట్టుకుంటే ఇంకో నడుం. మనిషి ఊపిరి బిగబడితే మూడో నడుం. ఒక్క కొలతకే గుడ్డ కత్తిరిస్తే మమ్మల్ని తన్ని తరిమేస్తారు. వీళ్ళు ఒక్కసారి కొలిచి పిల్లని కత్తిరించేస్తారా?"

కూతురు మూల కూర్చుని ఖాళీ అగ్గిపెట్టెలు పేరుస్తోంది. ఎనిమిదేళ్ళది. గోదాంలో సంచుల దొంతర పేర్చే పద్ధతి బక్కోడే నేర్పాడు. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం, పెట్టేముందు కింది వరస మళ్ళీ ఒకసారి తడిమి చూసుకోవాలి. కింద ఒక్కటి కదిలితే పైన మనిషి ఉండడు. ముల్లు కాలే దానికి సాక్ష్యం. ఆ పిల్ల ఏ పని చేసినా అలాగే, రెండుసార్లు చూసి గాని చెయ్యి పెట్టదు.

"ఏం అడిగారే ఆ రోజు?" అన్నాడు బక్కోడు.

"చాలా అడిగారు నాన్నా. బొమ్మల బిళ్ళలు పేర్చమన్నారు. నేను పేర్చాను, మళ్ళీ చూసుకుంటుంటే ఆవిడ గడియారం నొక్కేసింది. తర్వాత గీతలు గీయమన్నారు, అప్పుడూ నొక్కేసింది. రోడ్డు మీద ఎవరిదో సంచి దొరికితే ఏం చేస్తావు అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఎత్తి చూస్తా, ఎంత బరువుందో అన్నాను."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హమాలీ కూతురు ఇంకేమంటుంది?

"అది తప్పా నాన్నా?"

"తప్పు కాదు తల్లీ. ఎన్నింటికి పెట్టారు పరీక్ష?"

"మూడింటికి. పొద్దున్నుంచీ వరండాలో కూర్చోబెట్టారు. అన్నం డబ్బా క్లాసులో ఉండిపోయింది. లేస్తే మన వంతు పోతుందన్నారు."

మర్నాడు వాన లేదు. టీ వేళకి బక్కోడు కాటా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రాత్రంతా భార్య నూరిపోసిన మాటలు నోట్లో పట్టుకుని వెళ్ళాడు.

"మావా, లారీ తూచేటప్పుడు ఏమేం చూస్తావు?"

ఇరవై రెండేళ్ళలో ముల్లుని ఆ మాట అడిగినవాడు లేడు. అతని ముఖం వెలిగిపోయింది. వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. "చక్రాలన్నీ పలక మీదే ఉండాలి. ఇంజను ఆపాలి. డ్రైవరు దిగాలి. పలక కింద గుంటలో బురద ఉండకూడదు. ముందు సున్నా చూసుకోవాలి. సున్నా చూడకుండా తూచినవాడు కాటా మనిషే కాదు."

"మరి మా చిన్నదాన్ని తూచినప్పుడు సున్నా చూశారా మావా? పొద్దున్నుంచి కూర్చోబెట్టి, మూడింటికి ఖాళీ కడుపుతో తూచారు."

ముల్లు మడిచిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి. "అలా ఎలా తూస్తారు?" అన్నాడు. జాలి కాదు అది. పనితనం మీద పట్టుదల. "ఇలాంటివాళ్ళ వల్లే కాటాలకి చెడ్డపేరు. శుక్రవారం నేను వస్తా."

శుక్రవారం ముల్లు సగం రోజు సెలవు పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి కాబట్టి సెలవు కాగితం ఎలా ఉంటుందో మేనేజరుకీ తెలియలేదు, ముల్లుకీ తెలియలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కుంటుకుంటూ బస్సెక్కాడు. బక్కోడు వెనకే.

బళ్ళో హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టారు. పరీక్ష చేసిన మేడం కూడా ఆ రోజు వచ్చింది. నడివయసు మనిషి, రెండు సంచుల నిండా కాగితాలు, ముఖం నిండా అలసట. హెడ్మాస్టరు సంతకం కోసం పెన్ను మూత తీసి సిద్ధంగా పెట్టాడు.

"సంతకం తర్వాత అండీ" అన్నాడు ముల్లు. "ముందు ఈ తూకం సంగతి చెప్పండి. పిల్ల అన్నం తినలేదు. తెలుసా మీకు?"

మేడం ఉలిక్కిపడింది. "తినలేదా? తినే వచ్చారని చెప్పారే నాకు!"

హెడ్మాస్టరు పెన్ను వైపు చూశాడు.

"ఇంతకీ ఈ డెబ్భై తొమ్మిది అంటే ఏంటండీ? బుర్రలో సరుకు ఇంతే ఉందనా?"

ఆ ప్రశ్న కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నట్టు ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "సరుకు కాదండీ. ఒకే ఈడు పిల్లల్ని చాలామందిని కూర్చోబెట్టి ఇవే పనులు చేయించారు. సరిగ్గా మధ్యలో ఉన్నదానికి వంద అని పేరు పెట్టారు. ఆ రోజు, ఆ గదిలో, ఆ పనుల్లో మీ పాప వాళ్ళ మధ్య ఎక్కడ నిలబడిందో ఈ అంకె చెప్తుంది. అంతవరకే."

"అయితే వంద అంటే నిండుగా అని కాదు."

"కాదు. మధ్య అని."

"అంటే సగంమంది ఎప్పుడూ వందకి కిందే ఉంటారు."

"ఉండి తీరాలి. దాన్ని తయారుచేయడమే అలా చేశారు."

"సగంమందా?" అని హెడ్మాస్టరు అదిరిపడ్డాడు. "మన బళ్ళో కూడానా?"



"ఇది ఒక్క తూకం కూడా కాదు" అంది మేడం. "నాలుగు కలిపి తీసింది. రెండో పేజీ చూడండి."

"రెండో పేజీ ఏదండీ?" అన్నాడు ముల్లు.

మేడం హెడ్మాస్టరు వైపు తిరిగింది. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "కాగితం వృథా ఎందుకని మొదటి పేజీ మాత్రమే కాపీలు తీయించాం మేడం. అంకె దాని మీదే ఉంది కదా."

మేడం ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. తర్వాత తన సంచిలోంచి అసలు కాగితం తీసి రెండో పేజీ బల్ల మీద పరిచింది. అందులో అంతా ఉంది. బిళ్ళలు పేర్చడంలో పిల్లకి నూట రెండు. గుర్తుపెట్టుకోవడంలో ఎనభై ఎనిమిది. మాటల్లో డెబ్భై ఏడు. వేగంలో అరవై ఎనిమిది. కింద ఆవిడ చేత్తో రాసింది: పాప ప్రతిదీ రెండుసార్లు సరిచూసుకుంటుంది, అందుకే వేగం తగ్గింది, నాలుగింటికీ ఇంత తేడా ఉన్నప్పుడు కలిపి తీసిన అంకె ఒక్కదాన్నే నమ్మి ఏ నిర్ణయమూ చేయవద్దు.

"నూట రెండా?" అన్నాడు బక్కోడు. అతను నోరు విప్పడం అదే మొదలు.

"అవునండీ. చేతులతో చేసే పనిలో మధ్య పిల్లలతో సమానం. సంచి ప్రశ్నకి మాత్రం నేను సున్నా వేయాల్సొచ్చింది. సొంతదారుకి ఇస్తా అనాలని పుస్తకంలో ఉంది. ఇంటికెళ్ళి నాలుగు రోజులు నవ్వుకున్నా. సున్నా మాత్రం సున్నాయే."

ముల్లు వేలు అప్పటికే పేజీలో మధ్య వరస మీద ఆగి ఉంది. "ఇదేంటండీ? డెబ్భై నాలుగు నుంచి ఎనభై ఆరు?"

"అదే అసలు సంగతి. ఏ పరీక్షకైనా తేడా ఉంటుంది. మళ్ళీ పెడితే అదే అంకె రాదు. పాప అసలు చోటు దాదాపుగా డెబ్భై నాలుగుకీ ఎనభై ఆరుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడో నాకూ తెలియదు. పైగా తిండి లేకుండా చేసిన పరీక్ష అంటున్నారు, ఇక దీన్ని ఎంత నమ్మాలో కూడా చెప్పలేను."

"అంత తేడా పెట్టుకుని ఎనభై దగ్గర గీత గీసి పిల్లల్ని అటూ ఇటూ కోసేస్తారా?" ముల్లు గొంతు పెరిగింది. "డెబ్భై తొమ్మిదికీ ఎనభై ఒకటికీ ఏం తేడా ఉన్నట్టు?"

హెడ్మాస్టరు చేతులు చాచాడు. "ఎక్కడో ఒకచోట గీయాలి కదండీ! అంకె ఉన్నాక అంకె ప్రకారం పోవాలి. మనం మనుషుల్ని చూస్తూ కూర్చుంటే పని జరుగుతుందా?"

ఆ మాట విని బక్కోడు పక్కకి చూశాడు. ముల్లు కూడా ఎక్కడో విన్న మాటలా విన్నాడు. అతను డ్రైవర్లకి ఇరవై రెండేళ్ళుగా నోరు విప్పకుండా చెప్తున్న మాటే అది.

"మీరేం పని చేస్తారండీ?" అని మేడం ముల్లుని అడిగింది. "చాలా మంచి ప్రశ్నలు వేశారు."

"కాటా అండీ. లారీలు తూస్తాను."

"అందుకా! మీ కాటాకి ఎంత తేడా ఉంటుంది?"

"మా కాటాకి తేడా ఉండదండీ."

మేడం నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "తేడా లేని కాటా ఎక్కడా ఉండదండీ. సర్టిఫికెట్టు మీద రాసే ఉంటుంది, చూడండి."

ముల్లు పేజీ మీదనుంచి వేలు తీసేశాడు.

పని మాత్రం అయింది. రెండో పేజీ పై అధికారులకి వెళ్తే ఏమవుతుందో హెడ్మాస్టరుకి ఒక్క క్షణంలో తట్టింది. పెన్ను మూత పెట్టేశాడు. బక్కోడి కూతురు ముందుగదిలోనే ఉంటుంది, అన్నం పెట్టి ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారు. అంతటితో ఆగలేదు ఆయన. చాలా ఉదారంగా, "మీ కోసం గీతని డెబ్భై ఐదుకి దించుతాన్లెండి" అన్నాడు. మేడం కాగితాలు సంచిలో సర్దుకుంది.

గేటు బయట బక్కోడు ముల్లు రెండు చేతులూ పట్టుకున్నాడు. "మావా, నీ రుణం తీర్చుకోలేను. గుండెల మీంచి రాయి దించావు."

ముల్లు చేతులు వదిలించుకున్నాడు. "డెబ్భై నాలుగు వచ్చిన పిల్ల ఎవరిదో?" అన్నాడు.

"తెలీదు మావా."

"దాని నాన్న సంతకం పెట్టే ఉంటాడు."

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ముల్లు నిలబడే వచ్చాడు.

గోదాంకి రాగానే అతను కాటా గదిలోకి వెళ్ళాడు. చీటీల కన్నం దగ్గర బక్కోడు ఆగిపోయి చూశాడు. గోడ మీద ఒక క్యాలెండరు. ఏడాది మారితే క్యాలెండరు మారుతుంది, మేకు మారదు. ముల్లు క్యాలెండరు పైకెత్తాడు. దాని కింద అద్దం ఫ్రేములో ఏదో కాగితం. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. క్యాలెండరు మెల్లగా దించి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అల్లుడూ, కళ్ళద్దాలాయన లోడు నువ్వే కదా లెక్కపెట్టింది?"

"నేనే మావా."

"ఎన్ని?"

"నాలుగు వందలు. సరిగ్గా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అంకె చూపించావు కదా మావా" అన్నాడు.

తర్వాత నాలుగు రోజులు ముల్లు అద్దం మీద ఒక్కసారి కూడా కొట్టలేదు. ఒక డ్రైవరు తూకం తప్పన్నాడు. ముల్లు అతన్ని తిట్టలేదు, "చుట్టూ తిప్పుకుని మళ్ళీ ఎక్కించు" అన్నాడు. రెండోసారి ఇరవై ఎక్కువ వచ్చింది. మూడోసారి మొదటిదే వచ్చింది. డ్రైవరు సంతోషిస్తాడనుకుంటే భయపడిపోయాడు. "ఏదో ఒకటి రాసిచ్చెయ్యండి సార్, మీరిలా మంచిగా ఉంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు. వెనక పన్నెండు లారీలు ఆగిపోయాయి. మేనేజరు వచ్చి, "ఇరవై రెండేళ్ళు లేని అనుమానం ఇప్పుడెందుకయ్యా? నీకు వయసు మీద పడింది" అని కేకలేశాడు. ముల్లు విన్నాడు. తర్వాతి లారీకి చెయ్యి ఊపాడు.

ఆ గురువారం పొద్దున బక్కోడు కడుపు నిండా తినే వచ్చాడు. ఆకాశం తేటగా ఉంది. కాటా పలక శుభ్రంగా ఊడ్చి ఉంది. గుంటలో చుక్క నీరు లేదు. పెట్టెలో ఎర్రటి సున్నా వెలుగుతోంది. గది తలుపు తీసే ఉంది. వెనక మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. స్టవ్వు తుడిచి పక్కన పెట్టి ఉంది. ముల్లు లేడు.

బల్ల మీద ఒక తూకం చీటీ. పొద్దున ఐదున్నరకి కొట్టింది. లారీ నంబరు దగ్గర ఖాళీ. తూకం దగ్గర అరవై. పక్కన పెన్నుతో ముల్లు చేతిరాత: అటూ ఇటూ పది.

పాత రిజిస్టరు తెరిచి ఉంది. డ్రైవర్ల ఇళ్ళ అడ్రసులు రాసే పుస్తకం అది. మూడేళ్ళ కిందటి పేజీ ఒకటి స్కేలు పెట్టి చింపినట్టు నీటుగా చింపి ఉంది.

గేటు దగ్గర గోల వినిపించి బక్కోడు బయటికి వచ్చాడు. అద్దం కిటికీకి బయటివైపు, డ్రైవర్లు చీటీ తీసుకునే చోట, తలెత్తితే కనిపించేంత ఎత్తులో, క్యాలెండరు కింద ఉండాల్సిన కాటా సర్టిఫికెట్టు ఫ్రేము వేలాడుతోంది. నలుగురు డ్రైవర్లు దాని ముందు నిలబడి ఉన్నారు. చదవడానికి గుమ్మటాన్ని పిలిచారు. అతను మెడ చాచి, మెడ లాక్కుని, చదివాడు.

"కాటా మెట్టు ఇరవై కిలోలు. నిండు లోడు మీద..." ఆగి మళ్ళీ చూసుకున్నాడు. ఈసారి తొందరపడలేదు. "నిండు లోడు మీద అటూ ఇటూ నలభై కిలోల దాకా తేడా రావచ్చు."

"ఎంత?" అన్నాడు ఒక డ్రైవరు.

"నలభై."

మేనేజరు పరుగున వచ్చి, "ఎవడ్రా దీన్ని బయట పెట్టింది? తీసేయండి!" అని అరిచాడు. తీయడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. మేనేజరు తనే ఎగిరి అందుకోబోయాడు. అందలేదు. ముల్లు కొట్టిన మేకు కాస్త ఎత్తులో ఉంది.

"నిచ్చెన తే" అన్నాడు మేనేజరు, బక్కోడి వైపు చూసి.

బక్కోడు గోదాం లోపలికి వెళ్ళాడు. నిచ్చెన తలుపు పక్కనే గోడకి ఆనించి ఉంది. దాన్ని ఒకసారి చూశాడు. రెండోసారి కూడా చూశాడు. తర్వాత బయటికి వచ్చి, "కనపడలేదు సార్" అన్నాడు.